ఓటమి పరిశీలనలో ఉంది

మే 18, ఆదివారం సాయంత్రం 5.40 గంటలకు చింతలరేవు జట్టు ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో మూలమెట్ట చేతిలో 31 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. 5.55కి, చింతలరేవు జట్టు ఇంకా ఓడిపోలేదని గోదావరి లంకల ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మండలి మైకులో ప్రకటించింది.

అప్పటికి ఓడిన జట్టు పంటు ఎక్కేసింది. పంటు రేవు వదిలింది. దాన్ని వెనక్కి రప్పించి, ఆటగాళ్ళను దింపి, ఓడిపోలేదన్న సంగతి చెప్పి, మళ్ళీ ఎక్కించారు.

ఈ ఆట లంకల్లోకి వచ్చి మూడేళ్ళు. బంతి కోలగా, వలవని కొబ్బరికాయలా ఉంటుంది. మైదానం కూడా కోలగానే ఉంటుంది. జట్టుకు పద్దెనిమిది మంది. బంతిని తన్నవచ్చు, పట్టుకోవచ్చు, పిడికిలితో గుద్ది తోటివాడికి అందించవచ్చు. విసరకూడదు. రెండు చివరలా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోతే ఒకటి. గురి తప్పినా ఫలితం చూపించే ఆట ఇదొక్కటే కావడంతో దీన్ని ఎంపిక చేశామని మండలి మొదట్లోనే చెప్పింది.

చింతలరేవు జట్టులో పదకొండు మంది కొబ్బరి దింపు కార్మికులు. గాల్లోకి లేచి, ఎదుటివాడి భుజం మీద మోకాలు ఆనించి బంతిని అందుకోవడం ఈ ఆటలో గొప్ప. వాళ్ళకది రోజూ చేసే పని. వాళ్ళ కెప్టెన్ పిల్లి లోవరాజు, వయసు ఇరవై నాలుగు.

గుత్తుల త్రిమూర్తులు ఆ జట్టు అభిమాని. కొబ్బరి కొట్టు నడుపుతారు. మ్యాచ్ ఉన్న రోజు కొట్టు తెరవరు. కోచ్ మీద, కెప్టెన్సీ మీద, ఫైనల్స్ మీద ఆయనకు అభిప్రాయాలున్నాయి. బంతి గాల్లో ఉండగా ఒకటి, కింద పడ్డాక ఇంకొకటి.

లంక మైదానం ఏటా జూలైలో గోదావరి కిందికి పోతుంది. గడిచిన రెండేళ్ళూ ఫైనల్ జరగకుండానే నీళ్ళొచ్చాయి. ఈ పోటీలో ఇంతవరకూ ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు.

"ఈసారైనా ఒక్క ఫైనలాడి తేల్చేసుకోవాల బాబాయ్," అని ఆ సాయంత్రం తిరుగు పంటు మీద లోవరాజు త్రిమూర్తులుతో అన్నాడు. "గెలిత్తే గెలుత్తాం, పోతే పోతాం. మూడేళ్ళ నుంచి ఏదీ తేలట్లేదు."

"తేలుద్దిరా. రేపెల్లి కనుక్కుంటాను," అన్నారు త్రిమూర్తులు.

సోమవారం ఉదయం ఆయన మండలి కార్యాలయానికి వెళ్ళారు. కార్యదర్శి ఈరంకి పద్మనాభం కుర్చీ చూపించారు.

"ఓడిపోయామా, లేదా అండి?"

"సదరు ఓటమి ప్రస్తుతం పరిశీలనలో ఉంది."

"ముప్ఫై ఒక్క పాయింట్లండి బాబూ. నా కళ్ళతో చూశాను."

"చూడటం వేరు, ధ్రువీకరణ వేరు. పట్టికలో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్టు ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో పరాజయం పొందిన పక్షంలో, దానికి ద్వితీయావకాశం కల్పించబడుతుంది. మెల్‌బోర్న్‌లో ఇదే విధానం."

ఇది నిజం. లీగు పట్టికలో పైన నిలిచిన ఎనిమిది జట్లు ఫైనల్స్ ఆడతాయి. అక్కడ తొలి మ్యాచ్‌లో ఓడినా మొదటి నాలుగు జట్లు ఇంటికి వెళ్ళవు. అయిదు నుంచి ఎనిమిది వరకు ఉన్నవి ఓడితే వెళ్ళిపోతాయి. చింతలరేవుది నాలుగో స్థానం.

త్రిమూర్తులు ఈ ఏర్పాటును ఒప్పుకోలేదు. తన జట్టుకు మేలు జరిగినా ఒప్పుకోలేదు.

"అయిదు నుంచి ఎనిమిది దాకా ఉన్నోళ్ళని అమ్మలు కనలేదా అండి? ఆళ్ళకీ ఇచ్చెయ్యండి రెండోసారి. అట్లతద్ది వాయనంలాగ ఊరంతా పంచెయ్యండి."

కార్యదర్శి రాసుకున్నారు.

ఆ ఏడాది మండలి 'అభిమానే అధినేత' అనే కార్యక్రమం చేపట్టింది. అభిమాని చెప్పింది ఫిర్యాదు అయితే విచారణ జరపాలి, దానికి మూడు నెలలు పడుతుంది. సూచన అయితే మర్నాడే అమలు చేయవచ్చు. అందువల్ల మండలికి వచ్చేవన్నీ సూచనలే. వెటకారానికి ఏర్పాటేమీ లేదు.

మంగళవారం ఉత్తర్వు వెలువడింది. సహజ న్యాయసూత్రాలకు అనుగుణంగా ఎనిమిది జట్లకూ ద్వితీయావకాశం వర్తిస్తుంది. ఏ ఓటమినైనా, అంతకు ముందు ఓటమితో సంబంధం లేకుండా, విడిగా పరిగణిస్తారు. గుత్తుల త్రిమూర్తులుకు కృతజ్ఞతలు.

"నేనెప్పుడన్నానండి?" అని త్రిమూర్తులు ఆఫీసు మెట్ల మీద అడిగారు. కార్యదర్శి శాలువా కప్పారు. ఫొటో తీశారు.

తర్వాతి మ్యాచ్ జూన్ మొదటి ఆదివారం జరిగింది. చింతలరేవు కోచ్ జోగినాథం తూనికలు, కొలతలు తనిఖీ చేసే ఉద్యోగం నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. ఆయన కాటా వెంట తెచ్చుకున్నారు. మొదటి క్వార్టర్ ముగియగానే జట్టును వరసలో నిలబెట్టి తూచారు.

"మన జట్టు ఆట మొదలైనప్పటికంటే తొమ్మిది కిలోలు తక్కువుంది. దీనికి బాధ్యులెవరు?"

"చెమటండి," అన్నాడు లోవరాజు.

"చెమట అనేది కారణం. నేనడుగుతున్నది బాధ్యత గురించి."

"సార్, ఆళ్ళు గాలి వాటం చూసుకుని కొడతన్నారు. మనం అవతలి పక్క నుంచి రావాల. ఏం చేద్దాం?"

"ముందు లోటు భర్తీ చేయండి," అని కోచ్ అరటిపళ్ళు పంచారు. లెక్క సరిపోయాకే రెండో క్వార్టర్‌కు అనుమతించారు.

అభిమానుల సౌకర్యార్థం మండలి బౌండరీ పక్కన షామియానా వేసి, సూచనలు రాసుకోవడానికి ఒక ఉద్యోగిని కూర్చోబెట్టింది. త్రిమూర్తులు ఎప్పుడూ నిలబడే చోటికి నాలుగడుగుల దూరంలో.

"ఒక కోచ్ చాలడండి మాకు!" అని త్రిమూర్తులు అరిచారు. "ఒకళ్ళు తూత్తుంటే ఇంకోళ్ళు రాయొద్దా? ఇద్దర్ని ఎక్కువెయ్యండి! కుర్చీలు కూడా ఎయ్యండి!"

మర్నాడు ఇద్దరు కోచ్‌లు చేరారు. కుర్చీలు వేశారు. మొదటి కోచ్ తూస్తారు, రెండో కోచ్ రాస్తారు, మూడో కోచ్ సరిచూస్తారు. దీనివల్ల క్వార్టర్ల మధ్య విరామం ఆరు నిమిషాల నుంచి నలభైకి పెరిగింది.

ఇంతలో మూలమెట్ట వాళ్ళు అలిగారు. తాము గెలిచినా ఓడినవాళ్ళెవరూ ఇంటికి పోవడం లేదు, మళ్ళీ వాళ్ళతోనే ఆడాల్సి వస్తోంది, మరి గెలిచి ఏం లాభమని వాళ్ళ కెప్టెన్ ఓలేటి సింహాద్రి పంటు రేవులో అడిగాడు. టీ తాగుతున్న త్రిమూర్తులు ఆగలేకపోయారు.

"నిజవేనయ్యా. ఓడినోడికి రెండో అవకాశం ఇచ్చి గెలిచినోడికి ఇవ్వకపోతే ఎలాగ? గెలిచినోడికీ ఇవ్వాల. ఇంకోసారి గెలుత్తాడు. సరదా తీరిపోద్ది."

పక్క బల్ల మీద మండలి ఉద్యోగి టీ తాగుతున్నారు.

విజేతలకు సమాన అవకాశాల ఉత్తర్వు మర్నాడు ఉదయం పదికి వచ్చింది. గెలిచిన ప్రతి జట్టుకూ ఆ మ్యాచ్‌ను మరొకసారి గెలిచే హక్కు ఉంటుంది. రెండు ఫలితాలూ వేరైతే మూడోది ఆడతారు. మూడోదానిలో ఓడిన జట్టుకు మొదటి ఉత్తర్వు వర్తిస్తుంది.

జూన్ నెలాఖరుకు ఫైనల్స్‌లో ఇరవై ఆరు మ్యాచ్‌లు జరిగాయి. ఎనిమిది జట్లూ మిగిలాయి. పోటీలో ఇంతటి సమతూకం మెల్‌బోర్న్‌లో కూడా సాధ్యపడలేదని కార్యదర్శి విలేకరులతో చెప్పారు.

టాస్ వేయడానికి వెళ్ళిన లోవరాజు అంపైర్‌ను, "ఇది ఏ మ్యాచండి?" అని అడిగాడు. అంపైర్ సింహాద్రి వైపు చూశాడు. సింహాద్రికీ తెలియదు.

ఇలా అడగడం కెప్టెన్ హోదాకు తగదని ముగ్గురు కోచ్‌లూ షామియానాలో కూర్చుని తీర్మానించారు. కొత్త కెప్టెన్ ఎవరన్న దగ్గర విడిపోయారు. త్రిమూర్తులు షామియానాలోకి వచ్చేశారు.

"లోవరాజుని మార్చారంటే ఊరుకోనండి. ఆడు ఎనక్కి చూడకుండానే తెలుసుకుంటాడు ఎవడెక్కడున్నాడో."

"కెప్టెన్ ఎంపికకు మీరు ప్రతిపాదించే ప్రాతిపదిక ఏమిటి?" అన్నారు జోగినాథం.

"ఆటండి!"

"ఆటను కొలిచే పరికరం ప్రస్తుతం అందుబాటులో లేదు."

"అయితే సీనియారిటీ పెట్టుకోండి, మీ ఆఫీసులోలాగ! ఎవడు ముందు చేరితే ఆడే కెప్టెను! ఆట వచ్చా రాదా అనడక్కండి!"

అనేశాక త్రిమూర్తులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఉద్యోగి అప్పటికే కలం మూత పెట్టారు.

సీనియారిటీ జాబితాలో మొదటి పేరు దొరబాబుది. ఆయనకు అరవై మూడేళ్ళు. మైదానం కాపలాదారు. మూడేళ్ళ కిందట ఆటగాళ్ళ నమోదు మొదలైన రోజు, పెన్ను రాస్తుందో లేదో చూడటానికి, ఎదురుగా నిలబడి ఉన్న ఆయన పేరు రాశారు. పెన్ను రాసింది.

దొరబాబు కెప్టెన్ అయ్యారు. కాపలా ఉద్యోగం మాత్రం వదలలేదు. గేటు విడిచి రాకూడదు కాబట్టి టాస్ గేటు దగ్గర వేశారు. జట్టు సమావేశాలు గేటు దగ్గర జరిగాయి. రెండో క్వార్టర్‌లో లోవరాజు బంతి పట్టుకుని, మైదానం అటు చివర నుంచి గేటు దాకా పరిగెత్తాడు.

"దొరబాబు మావా, ఎటు కొట్టమంటావ్?"

"నాకేం తెల్సురా? ఎటు కొట్టినా ఆరింటికి తాళం ఏసేత్తాను."

ఆరింటికి తాళం వేశారు. నాలుగో క్వార్టర్‌లో ఇంకా పదకొండు నిమిషాలుంది. రెండు జట్లూ, ముగ్గురు కోచ్‌లూ, కాటా లోపలే ఉన్నారు. ఏడింటికి పంటు వాళ్ళు వచ్చి అడిగితే తీశారు.

ఆ రోజు తిరుగు పంటులో లోవరాజు త్రిమూర్తులు పక్కన కూర్చున్నాడు.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఇంక నువ్వేం అనకు."

"నేనేదో మంటెక్కి అన్నాన్రా."

"నువ్వు మంటెక్కి అంటావ్, ఆళ్ళు చేసేత్తారు. నీళ్ళొచ్చే లోపు ఒక్క ఫైనలు. అంతే నేనడిగేది. నువ్వు నోరు కట్టుకుంటే అదే తేలుద్దేమో."

మర్నాటి నుంచి త్రిమూర్తులు నోటికి అడ్డంగా తువ్వాలు చుట్టుకుని మ్యాచ్‌లకు వచ్చారు. జోగినాథం ఒక ఆటగాణ్ణి రెండుసార్లు తూచినప్పుడు తువ్వాలు కదిలింది. మాట బయటికి రాలేదు. మెడ నరాలు కనపడ్డాయి.

రెండు వారాలు గడిచాయి. మండలి సూచనల అమలు శాతం పడిపోయింది. ఉద్యోగి కొబ్బరి కొట్టుకు వచ్చారు.

"రెండు వారాలుగా మీ నుంచి ఏమీ అందలేదండి. పైనుంచి అడుగుతున్నారు."

త్రిమూర్తులు కాయలు లెక్కపెడుతున్నారు.

"కనీసం ఒకటి. చిన్నదైనా పర్లేదు."

త్రిమూర్తులు తువ్వాలు బిగించుకున్నారు. సంపూర్ణ సంతృప్తి అని ఉద్యోగి రాసుకుని వెళ్ళిపోయారు.

జూలై మూడో వారంలో ఎగువన వానలు పడ్డాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం పెరుగుతోందని రేడియోలో చెప్పారు. లంకల్లో పశువులను ఏటి గట్టుకు తోలడం మొదలైంది. ఫైనల్స్ పూర్తయ్యాక వరద రావాలా, వరద వచ్చేలోగా ఫైనల్స్ పూర్తి కావాలా అన్న అంశంపై మండలి ఉపసంఘం వేసింది.

కార్యదర్శి విలేకరుల సమావేశం పెట్టారు. త్రిమూర్తులు వెనక వరసలో తువ్వాలుతో కూర్చున్నారు. లోవరాజు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు.

"ఫైనల్స్‌లో పరాజయం ఎరుగని జట్టుకు కప్పు ప్రదానం చేయవలెనని నాలుగో నిబంధన చెబుతోంది," అన్నారు పద్మనాభం. "అయితే ఎనిమిది జట్లూ ఏదో ఒక దశలో పరాజయం పొంది ఉన్నాయి. అవి పరిశీలనలో ఉన్న పరాజయాలే అయినా, ఎరుగని పరాజయాలని చెప్పలేం. కాబట్టి తొలి మ్యాచ్ నుంచి మరల ప్రారంభించుట సముచితమని..."

త్రిమూర్తులు లేచారు. లోవరాజు చొక్కా పట్టుకుని లాగాడు. చొక్కా చిరిగింది. తువ్వాలు ఊడింది.

"మళ్ళీ మొదట్నుంచా! ఓడనోళ్ళు కావాలా మీకు? ఉన్నారండి! ఉప్పులంకోళ్ళు! లీగులో అన్నీ ఓడి తొమ్మిదో స్థానంలో మిగిలారు. ఫైనల్స్‌కే రాలేదు. రాలేదు గనక ఓడలేదు! ఇచ్చెయ్యండి ఆళ్ళకి, మీ కప్పు! ఇచ్చేసి మమ్మల్నొగ్గెయ్యండి!"

కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంతమందిమి కూర్చుని ఆలోచించాం," అన్నారు. "ఇది మాకు తట్టలేదు."

శనివారం ఉదయం మండలి పడవ ఉప్పులంక వెళ్ళింది. ఆ జట్టు కెప్టెన్ నదిలో వల తీస్తున్నాడు. పడవ ఆనించి కప్పు అందించారు. బాండు వాయించారు.

"దేనికండి ఇది?" అని అతను అడిగాడు.

"ఫైనల్స్‌లో మీ జట్టు కనబరచిన ప్రదర్శనకు."

"మేం ఆడ్లేదండి."

"అదే."

ఫైనల్స్ ముగిసినట్టు మధ్యాహ్నం ప్రకటించారు. ఉపసంఘం కూడా రద్దయింది. ముగ్గురు కోచ్‌లు డిప్యుటేషన్ పూర్తయి వెళ్ళిపోయారు. కాటాను పంటు మీద గట్టుకు చేర్చారు.

ఆ సాయంత్రం లోవరాజు కొబ్బరి కొట్టుకు వచ్చాడు. త్రిమూర్తులు తలెత్తలేదు.

"పోటీ అయిపోయిందంటగా బాబాయ్?"

"అయిపోయిందిరా. నా నోటివల్లే పోయింది."

"అయిపోతే, మండలి రూల్సు కూడా అయిపోయినట్టేగా? సీనియారిటీ లేదు. రెండోసారి లేదు."

త్రిమూర్తులు తలెత్తారు.

"నీళ్ళు రేపు మద్దినానికి గానీ రావంట," అన్నాడు లోవరాజు. "సింహాద్రికి ఫోన్ చేశాను. ఒత్తామన్నాడు."

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి రెండు జట్లూ పంటు దిగాయి. దొరబాబు గేటు తీశారు. కెప్టెన్‌గా కాదని, కాపలాదారుగానే తీస్తున్నానని చెప్పి, లోవరాజుకు దారి ఇచ్చారు. అంపైర్లు దొరకలేదు. ఉప్పులంక వాళ్ళు ఛాంపియన్లు కావడంతో ఖాళీగా ఉన్నారు. వాళ్ళను పెట్టుకున్నారు. వాళ్ళ కెప్టెన్ కప్పు సంచిలో వేసుకుని తెచ్చాడు.

"ఎవరు గెలిత్తే ఆళ్ళు తీసుకెళ్ళండి. మా ఇంట్లో దీన్ని చూసి పిల్లి బెదిరిపోతంది," అన్నాడు.

మొదటి క్వార్టర్‌లో నీళ్ళు తూర్పు బౌండరీని తాకాయి. రెండో క్వార్టర్‌కు గీత కనపడలేదు. నీళ్ళు ఎక్కడుంటే అదే బౌండరీ అని అంపైర్లు తేల్చారు. మైదానం ఆట ఆడుతుండగానే సన్నబడింది. మూడో క్వార్టర్‌లో చింతలరేవు ఆటగాడొకడు బంతి తన్ని, బంతితో పాటు తనూ కొట్టుకుపోయాడు. సింహాద్రి జుట్టు పట్టి లాగాడు. ఇద్దరూ నవ్వారు. ఫ్రీకిక్ ఇచ్చారు. ఎవరికిచ్చారో ఎవరూ అడగలేదు.

త్రిమూర్తులు మైదానం పక్కనున్న దిబ్బ మీద అటు చివర నుంచి ఇటు చివరకు పరిగెడుతూ రెండున్నర గంటల సేపు అభిప్రాయాలు చెప్పారు. తువ్వాలు గాల్లో తిప్పారు. కుడి వైపు వాళ్ళను ఎడమకు పొమ్మన్నారు. ఎడమకు పోయినందుకు తిట్టారు. కొత్త కోచ్ కావాలన్నారు, కోచే వద్దన్నారు. షామియానా ఖాళీగా ఉంది. ఎవరూ రాసుకోలేదు.

నాలుగో క్వార్టర్ మోకాలి లోతు నీళ్ళలో జరిగింది. అంతా బౌండరీయే అయిపోవడంతో, తేలుతున్న బంతి కూడా ఆటలో ఉన్నట్టేనని అంపైర్లు మళ్ళీ తేల్చారు. చివరి నిమిషంలో మూలమెట్ట నాలుగు పాయింట్లు ముందుంది. లోవరాజు సింహాద్రి భుజం మీద మోకాలు ఆనించి లేచాడు. తాటిచెట్టు ఎక్కినంత ఎత్తు లేచాడని త్రిమూర్తులు చెబుతారు. దొరబాబు లెక్క ప్రకారం గేటంత ఎత్తు. బంతి చేతికి చిక్కింది. అప్పుడే ఆట ముగిసినట్టు పంటు హారన్ మోగింది. ముందే పట్టుకున్న బంతిని హారన్ తర్వాత కూడా తన్నవచ్చు. స్తంభాలు ముప్ఫై గజాల దూరంలో నీళ్ళలో నిలబడి ఉన్నాయి.

దిబ్బ మీద అందరూ మాటలాపారు. త్రిమూర్తులు కూడా.

లోవరాజు తన్నాడు. బంతి నడిమి స్తంభాల వైపే వెళ్ళింది. వాటికి రెండు గజాల ముందు నీళ్ళలో పడి, తిరిగి, దిగువకు పోయింది.

లోవరాజు నీళ్ళలో కూర్చుండిపోయాడు. సింహాద్రి చెయ్యి అందించి లేపాడు. లేచాక లోవరాజు దిబ్బ వైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"ఓడిపోయాం బాబాయ్!"

"చూశాన్రా! ఎడం కాలితో తన్నాల్సిందిరా ఎదవా!"

"తేలిపోయింది బాబాయ్!"

"తేలిపోయిందిరా!" అని త్రిమూర్తులు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

కప్పు మూలమెట్ట వాళ్ళు తీసుకున్నారు. అందరూ ఒకే పంటులో గట్టుకు చేరారు. మధ్యాహ్నం రెండింటికి లంక మైదానం పూర్తిగా మునిగింది. ఓడిన జట్టు నుంచి అప్పీలు ఏదైనా వచ్చిందా అని అడిగినప్పుడు, సాయంత్రం అయిదు వరకు ఏదీ రాలేదని మండలి కార్యాలయం ధ్రువీకరించింది.